నలుగురికి ఒక బల్ల

మా ఆయన రాయపూర్ పక్కన ఉర్లాలో ఇనుప రేకుల పని చేసే ఒక కార్ఖానాలో ఫోర్‌మన్. ఎనభైల చివర్లో వాళ్ల సేఠ్ ఫ్రాన్సు నుంచి ఒక మిషను కొనాలనుకున్నాడు. బేరానికి మా ఆయన్నీ వెంట తీసుకెళతానన్నాడు. అక్కడ ఆ మిషను వాళ్లని భోజనానికి పిలవాలి. ఆ దేశంలో పెద్ద హోటలుకి వెళ్లాలంటే ముందుగా ఫోన్ చేసి బల్ల చెప్పుకోవాలట. ఆ ముక్కలు ఫ్రెంచిలో చెబితే మన గౌరవం పెరుగుతుందని సేఠ్ నమ్మకం. తనే ఫోన్ చేస్తే మాత్రం తగ్గిపోతుంది! బొంబాయి నుంచి ఒక కేసెట్టు తెప్పించి, "మాస్టర్నీజీ నేర్పిస్తారులే" అని మా ఆయన చేతిలో పెట్టాడు.

నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. అంతమాత్రాన ఫ్రెంచి వచ్చేస్తుందా? విజయనగరం దాన్ని, రాయపూర్ సంతలో కూరల బేరమే నాకు ఇప్పటికీ చేతకాదు. అయినా టేపురికార్డరు ముందు కూర్చున్నాను. "జ్ వుద్రే రెజెర్వే యూన్ తాబ్ల్." ఒక బల్ల కావాలండీ అని. "పుర్ కాత్ర్ పెర్సొన్." నలుగురికి. ముందు ఆ ముక్కలు నేను పట్టుకుని, తరవాత ఆయన ఎదురుగా కూర్చుని నోరంతా తెరిచి పలికేదాన్ని. ఆయన నాకంటే బాగా పలికేవారు.

ఆయన ఎప్పుడూ అంతే. నేను మాట్లాడుతుంటే నా మొహం మీంచి చూపు తిప్పరు. పక్కింటావిడ దగ్గర ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

ఒకరోజు వంకాయలు వేయిస్తూ, హోటలావిడ నేనే అయి, ఎంతమందని ఫ్రెంచిలో అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. వెనక్కి తిరగకుండానే, "టీ తాగుతారా?" అని తెలుగులో అడిగాను. దానికీ లేదు. తిరిగి చూస్తే, నేనెప్పుడు మొదలుపెడతానా అని బుద్ధిగా ఎదురుచూస్తున్నారు. పొయ్యి కట్టేసి దగ్గరికెళ్లి, ఇందాకటి నుంచి అడుగుతున్నది వినబడలేదా అన్నాను.

"నువ్వు అటు తిరిగి మాటాడితే నాకేటి తెలుస్తాది?" అన్నారు నెమ్మదిగా. "షెడ్డులో ఆ సుత్తి దెబ్బలకి ఎవుడికీ ఏటీ వినబడదు. అందరం మూతులు చూసే మాటాడుకుంటాం. నాకు బయటా అలాగే అయిపోనాది."

"సేఠ్‌కి చెప్పేయండి."

"చెప్తే ఫ్రాన్సు మాట అలా ఉంచు, గేటులోకే రానివ్వడు. కిరేను కింద పని. చెవులు లేనోడిని ఎవుడుంచుతాడు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పరాయి దేశంలో ఫోన్ పట్టుకుని నిలబడాలి. చివరికి నాకు తోచింది ఒకటే. వాళ్లడిగే ప్రశ్నల వరస మారదు కదా, గుక్క తిప్పుకున్నంతసేపు ఆగి, ఒకదాని తరవాత ఒకటి జవాబులు చెప్పేయమన్నాను. స్తోత్రం వల్లించినట్టు వల్లించారు పాపం.

ప్రయాణానికి ముందు సేఠ్ మా ఇద్దరినీ ఆఫీసుకి పిలిచాడు. తన గదిలోంచి హోటలు వాడిలా ఫోన్‌లో మాట్లాడతాడట, ఈయన బయటి గదిలోంచి జవాబు చెప్పాలట. సేఠ్ లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. బల్ల మీద ఫోన్ మోగింది. నేను మోచేత్తో పొడిచాను. ఆయన రిసీవరు చెవికి ఆనించుకుని నా వైపు చూశారు. నేను మూతి కదిపి అందిద్దామంటే, అవతల సేఠ్ ఏమంటున్నాడో నాకు వినబడి చావదు.

"బోఁజూర్," అని పలకరించారు ఆయన. ఆగారు. బల్ల కావాలన్నారు. ఆగారు. నలుగురికి అన్నారు. రాత్రి ఎనిమిదికి అన్నారు. ఒక్క తప్పు లేదు. "మెర్సీ" అని థాంక్స్ కూడా చెప్పి రిసీవరు పెట్టేశారు. నా గుండె కాస్త కుదుటపడింది.

తలుపు తెరుచుకుని సేఠ్ బయటికొచ్చాడు, నోటినిండా పాన్.

"అరే భాయీ, కిస్‌సే బాత్ కర్ రహే థే? ఎవరితో మాట్లాడావయ్యా? నేనింకా నోరే విప్పలేదు!" అని పగలబడి నవ్వాడు.

మాట్లాడినంతసేపూ, పాన్ చిందకుండా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఆ మాటలు మా ఆయనకి అందలేదు. సేఠ్ నవ్వుతున్నాడు కదా, మెచ్చుకుంటున్నాడనుకుని ఆయన కూడా నవ్వారు.