ముందు పలకని మనిషి

సిరాజుద్దీన్ పుట్టింది మదనపల్లెలో, పిల్లనిచ్చింది పుంగనూరు, కూడు పెట్టింది కుప్పం. ఏనుగుల మీద కన్నేసి ఉంచే ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేరేనాటికి మూతి మీద మీసం కూడా సరిగా మొలవలేదు. ఇప్పుడు గడ్డం నెరిసింది. ఇన్నేళ్ళలో ఆయన అడవిలో అడుగుపెట్టింది తక్కువ. అడవి ఆయనకు చెవులతోనే తెలుసు. బల్ల మీద పెట్టె, దానికో మైకు, కిటికీ అవతల స్తంభానికి ఏరియల్. ఏనుగుల జాడ పట్టుకుని వాటి వెనకాలే తిరిగే ట్రాకర్లు సాయంత్రమైతే చేతి సెట్లలోంచి పలికేవాళ్ళు. మంద ఎటు కదులుతోందో వాళ్ళు చెబితే ఆయన ఆ దారిలోని ఊళ్ళకు కబురు చేసేవాడు.

ఆ గదికి ఒకటే కట్టుబాటు. పొద్దు వాలాక ఆఫీసు తనంతట తాను పలకకూడదు. అడవిలో ఉన్నవాడు పలికితేనే బదులు పలకాలి. ఏనుగు దాపున నక్కి కూర్చున్న మనిషి నడుం దగ్గర సెట్టు గుర్రుమందంటే వాడి పని అయిపోయినట్టే. నోరు తెరిచే వీలు లేనప్పుడు ట్రాకరు మీట రెండుసార్లు నొక్కేవాడు. పెట్టెలో టక్కుటక్కుమనేది. బాగానే ఉన్నాను, చెవి దగ్గరే పెట్టుకున్నాను, చెప్పేదుంటే మెల్లగా చెప్పు అని దానర్థం. ఆ చప్పుడు వినేదాకా సిరాజుద్దీన్ టీ కూడా ముట్టేవాడు కాదు. ఆఫీసు జబ్బు ఇంటిదాకా వచ్చిందని, తను పలకరిస్తే తప్ప పలకని మొగుడు దొరికాడని భార్య చాంద్ బీ ఎగతాళి చేసేది.

ట్రాకర్లలో గంగులయ్య అంటే ఆయనకు ప్రాణం. బైరెడ్డిపల్లె దగ్గరి మనిషి. ఇద్దరూ ఎదురుపడ్డది ఏ కొద్దిసార్లో. అయినా గొంతు వింటే చాలు, గంగులయ్యకు జలుబు చేసిందో, ఇంట్లో భార్యతో మాటామాటా అనుకుని వచ్చాడో సిరాజుద్దీన్ చెప్పేయగలడు. కాలమొస్తే కుప్పం బస్సులో అనపకాయల సంచి పంపేవాడు గంగులయ్య.

ఆమధ్య పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ సెట్లు మాట్లాడుకునే గాలిదారి ప్రభుత్వం తన ఆఫీసుల కోసం అట్టిపెట్టుకున్నదట. ఇప్పుడు దాన్ని ఖాళీ చేయించి ఫోను కంపెనీలకు వేలంలో ఇస్తారట. సెట్లు వాపసు చేసి అందరూ సెల్‌ఫోన్లు వాడాలి. సిరాజుద్దీన్ తండ్రి మదనపల్లె టమాటా మండీలో గుమాస్తా. పాటకు పెట్టిన సరుకు నలుగురి కళ్ళముందు కుప్ప పోయాలనేవాడు. కంటికి కనపడనిదాన్ని కూడా పాట పెట్టి అమ్ముకోవచ్చని కొడుక్కి రిటైరు కావచ్చినప్పుడు తెలిసింది. పట్నాల్లో జనం ఫోన్లలో బొమ్మలు చూసుకోవడానికి గాలి చాలడం లేదు కాబోలు, అడవిలో మనిషికున్న ఒక్క దారీ కావాల్సి వచ్చింది.

లోయలో సిగ్నల్ ఉండదని, ఫోనులో మీట నొక్కి చెప్పే పద్ధతి లేదని ఆయన ఆఫీసరుకు విన్నవించుకున్నాడు. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. శ్రద్ధగా విన్నాడు, టవర్లు వస్తాయన్నాడు, ఇంకో మీటింగుకు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు ట్రాకర్లు ఫోన్లు ఎత్తడం లేదని ఆఫీసరుకు పైవాళ్ళ అక్షింతలు పడ్డాయి. దాంతో అందరూ బెల్లు పెద్దగా పెట్టుకోవాలని, ఎత్తనివాడికి ఆ రోజు హాజరు లేదని హుకుం జారీ అయింది.

ఒక సాయంత్రం మంద బైరెడ్డిపల్లె వైపు చెరుకుతోటల మీద పడింది. గంగులయ్య, తోటి ట్రాకరు శ్రీరాములు దాని వెంట లోయలోకి దిగారు. చీకటి పడబోతుండగా అవతలి ఊరివాళ్ళు ఆఫీసుకు ఫోన్ చేశారు. మగ ఏనుగొకటి మందను వదిలి వెనక్కి తిరిగింది, లోయ వైపే వస్తోంది అన్నారు. ఈ మాట గంగులయ్య చెవిన పడాలి. పాత పెట్టె ఉంటే మీట చప్పుడు కోసం చూసి, వినగానే సన్నగా నాలుగు మాటలు అందించేవాడు. బల్ల మీద ఫోను ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. సిరాజుద్దీన్ కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. చివరికి తట్టుకోలేక నంబరు నొక్కాడు. ఆ లోయలోకి ఎప్పుడు చేసినా అందుబాటులో లేరనే సమాధానం వచ్చేది. ఈసారి రింగు పోయింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎత్తప్పా, ఎత్తు అని గొణుక్కుంటూ చివరిదాకా మోగనిచ్చాడు.

గంగులయ్య ఎత్తలేదు. తెల్లారి ఒక బండ పక్కన ఆయన శవం దొరికింది. మోసుకొచ్చినవాళ్ళకు చాలా రోజులు అన్నం సయించలేదు.

శ్రీరాములు బతికి బయటపడ్డాడు. ఆఫీసులో అడిగితే ఏనుగు మీదపడిందని మాత్రం చెప్పాడు. తర్వాత సిరాజుద్దీన్‌ను పక్కకు పిలిచి, నేల చూస్తూ అసలు సంగతి చెప్పాడు.

"గమ్మున పండుకోనుంటిమప్పా. ఏనుగు మమ్మల్ని దాటి పోతాండె. ఫోను మోగినాక తిరుక్కునింది."

ఆ మాట ఆయన గుండెలో దిగబడిపోయింది. నీ తప్పేముంది, కాపాడాలనే కదా చేశావు అని చాంద్ బీ ఏడ్చింది. ఎవరి తప్పూ కాదని ఆఫీసరు భుజం తట్టాడు. నిద్ర లేదు, నమాజులో మనసు నిలవదు. తనకంటే ఎక్కువగా ఈ సంగతి తెలియాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమెకు చెప్పకుండా బతకడం తన వల్ల కాదని ఆయనకు అర్థమైంది.

దినాలు ముగిశాక బస్సెక్కి గంగులయ్య ఇంటికి వెళ్ళాడు. గంగులయ్య భార్య నారాయణమ్మ ఆయన్ని చూడటం అదే మొదటిసారి. మొగుడి సెట్టులో ఎన్నోసార్లు విన్న గొంతు కాబట్టి పలకగానే గుర్తుపట్టింది. స్టూలు వేసి, మజ్జిగ తెచ్చి చేతికిచ్చి, గడప మీద కూర్చుంది.

"కడాన మీరే ఆయప్పకు ఫోన్ చేసినారంట గదప్పా. ఏమన్నాడు?"

ఆ కళ్ళలో ఆశ చూసి సిరాజుద్దీన్ నీరైపోయాడు. ఇల్లు జాగ్రత్త అన్నాడనో, నీ పేరు తలుచుకున్నాడనో ఒక్క ముక్క చెబితే చాలు, బతికినన్నాళ్ళూ దాచుకుంటుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"మాట్లాడలేదమ్మా. నేను చేసిన ఫోను మోగింది. మోగబట్టే ఏనుగు తిరుక్కునిందంట."

తిడుతుందని, దుమ్మెత్తి పోస్తుందని తల వంచుకున్నాడు. అవన్నీ పడటానికే వచ్చాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎప్పుడూ బెల్లు తీసేసి పోతాండె" అంది. "ముందురోజు ఎత్తలేదని హాజరు ఎయ్యలేదంట. అందుకే ఆ పొద్దు నేనే పెద్దగా పెట్టి జోబీలో ఏసి పంపించినా. ఆయప్పకు జెప్పను గూడా లేదు."

నీ తప్పు కాదమ్మా అనబోయాడు సిరాజుద్దీన్. ఇన్నాళ్ళుగా అందరూ తనతో అంటున్న మాట అదే. అది ఎందుకూ పనికిరాదని ఆయనకు తెలుసు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాడు.