మిషన్ అక్క బిగించిన రైకలు

ఎదురింట్లో బట్టలు కుట్టే మా మిషన్ అక్క పోయింది. పోయిన వారం మంగళవారం పొద్దున ఆమెతో నడకకు పోదామని చెప్పులు వేసుకుంటుంటే, ఆమె కూతురు గుమ్మంలోకి వచ్చి "అమ్మ లేస్తలేదు చిన్నమ్మా" అన్నది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ చెప్పులతోనే ఉరికాను. తిరిగొచ్చి విప్పినదాన్ని, పదకొండు రోజులైనా మళ్లీ తొడగలేదు.

కూర్చోలేను, పడుకోలేను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపే మూడుసార్లు లేచి కొట్లోకి పోయొచ్చాను. ఎందుకో తెలియాలంటే ముందు నా కడుపు సంగతి చెప్పాలి.

మాకు నాందేడులో కిరాణా కొట్టు. మా అమ్మ ఒంటి బరువుతో చివరి మూడేళ్లు మంచం దిగలేదు. నేనూ అదే దారిలో ఉన్నానని మా ఆయన బొంబాయి తీసుకుపోయి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించాడు. అలాంటిదొకటి ఉందంటే మా గల్లీలో ఎవరూ నమ్మలేదు. కొంచెమే తినాలి, రోజూ నడవాలి, మళ్లీ పెంచుకుంటే తన చేతిలో ఏమీ లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏడాదికి సగమయ్యాను. ఎదురింటి మిషన్ అక్క నా రైకలన్నీ బిగించి, చెమట పీలుస్తుందని లోపల పలుచటి అస్తరు గుడ్డ కూడా వేసి ఇచ్చింది. గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడేది ఆమె. ఎప్పుడు మింగుతుందోనని నాకు భయం.

తరువాత నేను చేసిన తప్పు కొట్టున్నవాళ్లే చేస్తారు. పళ్లెం నిండా అన్నం తినలేను కనుక తిండి తగ్గించేశాననే అనుకున్నాను. కొత్త బెల్లం దిగితే ఓ ముక్క, పుట్నాలు మెత్తబడ్డాయేమోనని ఓ గుప్పెడు, పల్లీలు చేదేమోనని ఇంకో గుప్పెడు.

"ఏంది నోట్ల?" అని అడిగిందోసారి అక్క.

"తింటలేనక్కా, సరుకు సూస్తున్న."

"పొద్దటి సంది నాలుగుసార్లు సూసినవ్. గంత పాడు సరుకా మీది?"

నడకా మానేశాను. మోకాళ్లు మళ్లీ సలపడం మొదలైంది. చూస్తుండగానే రైకలు పట్టకుండా పోయాయి. మూట కట్టుకుని అక్క దగ్గరికి పోయి వదులు చేయమన్నాను. అవసరం పడుతుందని ఎవరైనా లోపల రెండు వేళ్ల గుడ్డ మిగులు ఉంచే కుడతారు కదా.

"మిగులు లేదు చెల్లె. బిగించిన్నాడే కత్తిరించి పారేసిన."

"ఎవర్నడిగి కత్తిరించినవ్?"

"నన్నే అడుక్కున్న. ఇగ రైక నీ దగ్గరికి రాదు, నువ్వే రైకల వట్టాలె. రేపు పొద్దుగాల తయ్యారుండు."

ఒళ్లు మండిపోయింది. వారం రోజులు పలకలేదు. ఆమె మాత్రం తెల్లారగానే, మెడలో టేపుతో సహా వచ్చి మా గుమ్మం ముందు నిలబడేది. ఎనిమిదో రోజు సిగ్గేసి బయల్దేరాను. గోదావరి ఘాటు దాకా పోయి రావాలని ఆమె లెక్క. నేను సగంలోనే కూలబడేదాన్ని. "నిన్న పెండ్లిల బూందీ తిన్న అక్కా, ఇగ నాతోని కాదు" అని ఏడిస్తే ఆమెది ఒకటే మాట.

"తిన్నవ్. అయిపాయె. చెప్పులేసుకో."

కొలత తీసినా ఎంతో చెప్పేది కాదు. నడిచానా లేదా, ఆమెకు అదొక్కటే కావాలి. ఏడాది తిరిగేసరికి రైకలన్నీ పట్టాయి. మా అమ్మలా మంచాన పడకుండా నన్ను నిలబెట్టింది నువ్వేనని ఒక్కసారైనా నోరు తెరిచి ఆమెతో అనలేదు. అదే ఇప్పుడు నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఈ పదకొండు రోజులూ మళ్లీ సరుకు చూస్తున్నాను. మీ దగ్గర దాచేదేముంది? ఇవాళ పచ్చ రైక చంకల కింద బిగుసుకుపోయింది. అక్క లేదు కదా, ఇంకెవరితోనైనా పక్కన ముక్క వేయిద్దామని బ్లేడు తీసుకుని అస్తరు విప్పాను.

కింద రెండు వేళ్ల మిగులు గుడ్డ ఉంది. రెండు పక్కలా ఉంది. కత్తెర తగలనే లేదు. మడిచి, చేతికుట్టుతో అదిమి, పైన అస్తరు కప్పేసింది. మిగతా రైకలూ విప్పి చూశాను, అన్నిట్లోనూ అంతే. "ఎంత అబద్ధమాడినవే అక్కా!" అని గట్టిగా అరిచి, అక్కడే కూలబడి ఏడ్చాను.

మిగులు జోలికి పోలేదు. అస్తరు మళ్లీ నా వంకర కుట్లతో కుట్టేశాను.

గుమ్మంలో చెప్పులు ఆ మంగళవారం వదిలినట్టే ఉన్నాయి, ఒకటి బోర్లా పడి. దాన్ని తిప్పాను. ఎదురింటి వైపు చూసి "తిన్న అక్కా" అన్నాను. కాలు దూర్చాను.