ఏడు సముద్రాల అవతలి చిలక

మాచర్ల శివార్లలో, సాగర్ కాలవకు దగ్గరగా హజ్రా బీ ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే ఆమె వసారాలో రాజులు, రాణులు, మాంత్రికులు బారులు తీరి కూర్చుంటారు. కొడుకు దర్జీ కొట్టులో మిగిలిన పీలికలు, మిల్లు బయట ఏరుకొచ్చిన దూది, ఆమె సూది. వాటికి ఇంకేం అక్కర్లేదు. సెలవుల్లో వీధి పిల్లలు ఆ బొమ్మలు పట్టుకుపోతారు. బడి తెరిచేలోగా తెచ్చిస్తే, చిరిగినవి కుట్టి ట్రంకుపెట్టెలో దాస్తుంది.

పచ్చ గుడ్డతో కుట్టిన చిలకను మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. రాక్షసుడి ప్రాణం అందులోనే కదా, అది చేతికి చిక్కితే ఆట అక్కడితో అయిపోతుందనేది.

ఈ ఏడాది మనవరాలు ఫాయిజా అన్నం మానేసి మరీ దాన్ని సాధించుకుంది. కథలో చిలకుండే చోటికి దాటాల్సిన ఏడు సముద్రాలు ఎక్కడున్నాయని అడిగితే, హజ్రా బీ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే, మన కాలవే మొదటిది అనేసింది. కాలవ ఎండి అప్పటికి చాలా రోజులైంది.

మర్నాడు మధ్యాహ్నం పక్కింటి శేషారత్నం గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది పిన్నీ, ఇంత నిమ్మళంగా కూర్చున్నావ్? మంచినీళ్ల చెరువులకని సాగర్ నించి నీళ్లు వదిలారంట. పిల్లలెవురూ కాలవలో లేరుగా?"

హజ్రా బీ వసారా కేసి చూసింది. రాక్షసుడు ఉన్నాడు. చిలక లేదు. ఫాయిజా లేదు.

చెప్పుల్లేకుండా పరిగెత్తింది. కాలవ అడుగున, నట్టనడుమ, ఫాయిజా గులకరాళ్లతో కోట కడుతోంది. ముందు తడిమట్టి వాసన వచ్చింది. ఆ తర్వాత పై మలుపులో ఎండుటాకుల్ని నెట్టుకుంటూ మురికి నురగ కనిపించింది. గట్టు మీంచి రమ్మని ఎంత పిలిచినా పిల్ల కదల్లేదు.

"ఉండు దాదీ, చిలకను దాస్తన్నా."

హజ్రా బీ గొంతు తగ్గించింది.

"ఇంటికాడ రాక్షసుడు లేచాడే. రాణిని ఎత్తుకుపోతన్నాడు. నువ్వొస్తావా, పోనిస్తావా?"

ఫాయిజా అన్నీ వదిలేసి గట్టు మెట్లెక్కింది. ఆఖరి మెట్టు మీద నాయనమ్మ ఆమె రెక్క పట్టుకునేసరికి కింద కోట లేదు. చిలక కాసేపు పచ్చగా తేలి, మలుపు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం హజ్రా బీ కథ మార్చేసింది. రాక్షసుడి ప్రాణం సముద్రాల అవతల కాదంట, మన వంటింటి ఉప్పుజాడీలోనే ఉందంట. ఫాయిజా బుద్ధిగా విన్నది.

"మరి నా చిలక?"

"కొట్టుకుపోయిందిగా."

"చావలేదుగా దాదీ. అవతలి గట్టుకి చేరుంటది. రేపు పోయి తెస్తా."

హజ్రా బీ లేచి వీధి తలుపుకు గొళ్లెం వేసింది. కాలవ హోరు తలుపు ఇవతలికీ వినిపిస్తూనే ఉంది.