నడుస్తోంది మేడం

2023 వానాకాలం. హైటెక్ సిటీలో ఆరో అంతస్తు మా ఆఫీసు. చెరువుకు వరద ఎంత వస్తుందో, ఏ వేళకు వస్తుందో ముందుగా లెక్కగట్టే ప్రోగ్రాం మా సరుకు. చెరువులోకి నీళ్లు పారే నేలనంతా నూట ఇరవై ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెస్‌కు అప్పజెబుతాం. ప్రాసెస్ అంటే కంప్యూటర్లో విడిగా నడిచే ఒక పని. అన్నీ ఒకేసారి నడుస్తూ, అడుగడుగునా తమ హద్దు దాటిన నీళ్ల లెక్కను పక్కవాటికి చెప్పాలి. పారలల్ కంప్యూటింగ్ అంటే ఇదే.

వీటిలో ఒకదానికి ఫేటల్ ఎర్రర్, అంటే లెక్క ఇక ముందుకు సాగని తప్పు, వస్తే ఏం చేయాలి? దీని మీద కస్టమర్లతో మాట్లాడే నాకూ, కోడ్ రాసే మేరీగారికీ పెద్ద బేరమే నడిచింది. ఆవిడది గుంటూరు.

“అబార్ట్ పెడదామండి. ఒకటి పడితే అన్నీ అక్కడికక్కడే ఆగిపోతాయి. ఎందుకో తెర మీద కనిపిస్తుంది.”

“కస్టమర్ కళ్ల ముందు మొత్తం కూలితే మన పరువేం కాను? ఆ ఒక్కటీ పక్కకు తప్పుకుంటే చాలదా?”

“కోడ్‌ను కూడా వంకాయల్లా బేరమాడతారేంటండీ!”

నేనే గెలిచాను. తప్పు వచ్చిన ప్రాసెస్ తన లాగ్ ఫైల్లో ఒక వాక్యం రాసుకుని, అన్నీ కలిసి ముగించే చివరి మెట్టు దగ్గరకు పోయి మిగతావాటి కోసం నిలబడాలి. ఇంత తెలివి ఎక్కడిదంటే, చందానగర్ మార్కెట్లో మా నాన్న స్టీలు సామాన్ల దుకాణానిది. అక్కడ లేని గిన్నెను లేదనకూడదు. “వస్తోంది, కూర్చోండి” అని, వెనక గుమ్మంలోంచి పక్క దుకాణానికి పరుగెత్తాలి.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి ఒక జిల్లా నుంచి నీటిపారుదల ఇంజనీరు సరితగారు ఫోన్ చేశారు. ఎగువన కుండపోత. చెరువు నిండితే మత్తడి మీదుగా పొర్లే నీళ్ల దారిలో, కట్ట కింద ఒక కాలనీ.

“మత్తడి దుంకి నీళ్లు కాలనీకి వస్తయా రావా, పదింటికల్లా చెప్పాలె సార్. ముసలోళ్లు, పసిపిల్లలు, అందర్నీ తియ్యాలె. ఉత్తగ తీస్తే ఇంకోసారి నా మాట ఇనరు.”

మా లెక్కకు అరగంట చాలు. మొదలుపెట్టాం. పదయింది. ప్రాసెసర్లన్నీ నూటికి నూరు పాళ్లూ పనిలో ఉన్నట్టు మీటరు చూపిస్తోంది.

“ఏమైంది సార్?”

“నడుస్తోంది మేడం. పది నిమిషాలు.”

పదిన్నరకూ అదే మాట. పదకొండుకూ అదే. ఫోన్లో ఆవిడ గొంతు వెనక వాన చప్పుడు ప్రతిసారీ పెరుగుతోంది. అయినా నా గొంతు మాత్రం గిన్నెలమ్ముతూనే ఉంది.

మేరీగారు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. “లెక్క ఎన్నో అడుగులో ఉందో చూడండి. రెండొందల పద్నాలుగు దాటలేదు.” గబగబా లాగ్ ఫైళ్లు తెరిచారు. యాభై మూడోదాంట్లో దొరికింది: వాన వివరాల ఫైలు సగమే చేరింది, చదవలేను. వేళ, తొమ్మిదీ ఇరవై.

ఆ ప్రాసెస్ పోయి చివరి మెట్టు దగ్గర మిగతావాటి కోసం నిలబడింది. మిగతావి దాని నీళ్ల లెక్క కోసం నిలబడ్డాయి. ఎదురుచూడడం కూడా ప్రాసెసర్‌కు పనే. మీటరుకు ఆ తేడా తెలియదు.

మళ్లీ ఫోన్ మోగింది.

“మేడం, ప్రోగ్రాం తొమ్మిదీ ఇరవైకే ఆగిపోయింది. నాకిప్పుడే తెలిసింది.”

ఆవిడ వాన చప్పుడును మించి అరిచారు.

“పొద్దుగాల సంది నడుస్తుందంటిరి గద! పడిపోయిందని అప్పుడే చెప్తే మీ దిక్కు చూడకపోదును. నా అంచనాతోనే ఖాళీ చేయిస్తుంటి. ఇగ పెట్టుండ్రి ఫోన్.”

ఖాళీ చేయించారు. చివరి వరుస ఇళ్లవాళ్లను మోకాలి లోతు నీళ్లలోంచి ట్రాక్టర్ల మీదికి ఎక్కించాల్సి వచ్చింది. అందరి ప్రాణాలూ దక్కాయి. ఫైలు మళ్లీ తెప్పించుకుని మేము ఇచ్చిన జవాబు నీళ్లొచ్చాక చేరింది. చాలా కచ్చితమైన జవాబు.

మర్నాడు మేరీగారు అబార్ట్ పెట్టారు. ఈసారి బేరం లేదు. పడిపోయిన ప్రోగ్రాం కంటే, నడుస్తున్నట్టు కనిపించేదే ఎక్కువ ప్రమాదం. దాన్ని నమ్ముకున్నవాళ్లు ఇంకో దారి వెతుక్కోరు.

మరుసటి ఏడాది వానల్లో ప్రోగ్రాం మళ్లీ పడింది. క్షణంలో అన్నీ ఆగాయి. ఫోన్ అందుకున్నాను.

“మేడం, పడిపోయింది. ఎప్పటికి లేస్తుందో తెలియదు. మమ్మల్ని లెక్కలో పెట్టుకోకండి.”

“మంచిది సార్,” అన్నారు. ఫోన్ పెట్టేలోపే ఆవిడ కేక వినిపించింది: “రాజయ్యా, మైకు తీస్కో, కాలనీకి పోదాం!”