రూతమ్మ పూత

సింహాద్రిపురంలో పిల్లలకు గవదబిళ్లలు లేస్తే తల్లులు మొదట తొక్కేది రూతమ్మ గడపనే. చెవి కింద వాపు మీద వేపాకు, పసుపు నూరిన ముద్ద పూస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు బొటనవేలితో మెల్లగా అదిమి, “నొస్తాందా నాయనా?” అని అడుగుతుంది. “లేదు” అని వాళ్లంటే తగ్గినట్టే. మొగుడు సాలోమోనుకు చెవి కింద రేగ్గాయంత గడ్డ లేచినప్పుడూ అదే పూసింది. అదిమినప్పుడల్లా అతను “నొప్పే లేదు” అనేవాడు. గడ్డ నిమ్మకాయంత అయినా, నొప్పి లేదు కదా అని ఆమె నిబ్బరంగానే ఉండింది. ఒకరోజు సంగటి తింటుంటే పులుసు అతని మూతి పక్కనుంచి కారిపోయింది. “ఏందయ్యా, పసిబిడ్డ మాదిరి కార్చుకుంటాండావు” అని నవ్వింది రూతమ్మ. అతనూ నవ్వబోయాడు. సగం ముఖం కదల్లేదు.

పులివెందుల డాక్టరు కళ్లు మూయమంటే అతనికి ఒక కన్ను మూతపడలేదు. “ఇది గవదబిళ్ల కాదమ్మా. ఎంగిలి ఊరే గ్రంథిలో క్యాన్సరు మాదిరుంది, ముఖం నరం దాకా పాకింది. ఇట్లాంటి గడ్డ మొదట్లో నొప్పి పెట్టదు. అప్పుడే వచ్చింటే కోసి తీసేవాళ్లు. ఇప్పుడు తిరుపతి పెద్దాసుపత్రికి పోయినా నమ్మకం తక్కువే” అన్నాడాయన. రూతమ్మ తల వంచుకుంది. ఆమెను తిడుతున్నారనుకున్నాడేమో, సాలోమోను ఆ వంకర మూతితోనే అడ్డుపడ్డాడు. “ఆమెనేమీ అనాకండి సార్. ఆమె పూత శానా మంచిది. ఒక్కనాడన్నా నాకు నొప్పి తెలీనీలేదు.”