గోడ మీద ఒక సెంటీమీటరు

ఆదోనిలో మా ఫిజిక్స్ సార్ పోయారని మొన్న ఉదయం వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. నేను ఎమ్మిగనూరు నుంచి బస్సులో వెళ్లేసరికి జనాజా శ్మశానానికి కదిలిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు. ఆ లోటుకే ఈ నాలుగు మాటలు.

ఇంటర్‌లో రెండేళ్లు మాకు పాఠం చెప్పారు. సుద్ద చేతులు చొక్కాకే తుడుచుకునేవారు. మధ్యాహ్నానికి ఆయన జేబు తెల్లబడిపోయేది.

మా కాలేజీ ల్యాబులో సామాను తక్కువ. కాంతి పాఠం రోజు గాజుపలకకు దీపం మసి పట్టించి, దారంతో కలిపి కట్టిన రెండు బ్లేడ్లతో దాని మీద గీశారు. మసిలో రెండు సన్నని చీలికలు పడ్డాయి. కిటికీలకు దుప్పట్లు కట్టించి, ఉరుకుంద జాతరలో కొన్న లేజర్ లైటు వాటిలోంచి వేశారు. గోడ మీద రెండు గీతలు పడతాయనుకున్నాం. ఎర్రని మచ్చలు వరసగా పరుచుకున్నాయి, మధ్యమధ్యలో చీకటి.

“సూడండప్పా. ఇరుకు సందులో దూరితే వెలుగు విచ్చుకుంటాది. రెండు వెలుగులు కలిసిన కాడ ఒక్కోసారి చీకటి పుడతాది” అన్నారు.

మచ్చల మధ్య దూరం కొలిచి రికార్డులో రాయాలి. లెక్క ప్రకారం రెండు సెంటీమీటర్లు రావాలి. నాకు ఒకటే వచ్చింది. క్లాసంతా రెండని రాసుకుంటుంటే భయమేసి, నాది చెరిపి రెండు వేశాను. మగ్గం నేసే మా ఇంట్లోంచి కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని. తప్పు నాదే అయి ఉంటుందనుకున్నాను.

రికార్డు దిద్దుతూ సార్ ఆ పేజీ దగ్గర ఆగారు.

“ఈడ ఏం చెరిపినావమ్మా?”

“ఒకటి వచ్చింది సార్. తప్పేమోనని...”

“గోడ మీద ఎంతుంది?”

ఆయన మళ్లీ దుప్పట్లు కట్టించి, స్కేలు పట్టుకుని తానే కొలిచారు. ఒకటే. కాసేపు ఆలోచించి, బ్లేడ్లకు కట్టిన దారం విప్పారు. జారకుండా ఆయనే మధ్యలో పెట్టిన కాగితం ముక్క బయటపడింది. దానివల్ల చీలికల మధ్య ఎడం రెట్టింపై, గోడ మీద మచ్చలు దగ్గరపడ్డాయి.

“కాగితం పెట్టింది నేనే, మరిచిపోయింది నేనే” అని క్లాసంతటికీ చెప్పారు. నా వైపు తిరిగి, “పుస్తకం సూసి గోడను దిద్దొద్దు బేటా” అన్నారు.

ఇప్పుడు నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. అనుకోని అంకె వచ్చినప్పుడల్లా చెరిపెయ్యాలనిపిస్తుంది. ఆ మాట గుర్తొచ్చి మళ్లీ పరీక్ష చేస్తాను.

పోయినేడు ఆయన్ని చూడడానికి వెళ్లాను. కళ్లలో శుక్లాలు. సాయంత్రం ఆయన భార్య వరండాలో బల్బు వేసి, “ఆపరేషన్ చేయించుకోమంటే రేపు మాపు అంటాండారు. నువ్వన్నా సెప్పమ్మా” అన్నారు.

సార్ నవ్వారు. “కంటి పొరలో దూరి వెలుగు విచ్చుకుంటాండాది, బల్బు సుట్టూ ఉంగరాలు కనిపిస్తాండాయి బేటా. నీలం లోపల, ఎరుపు బయట. ఇంకో రెండు దినాలు సూడనీ.”

నాకు ఉట్టి బల్బే కనిపించింది. ఆయన చెయ్యి చాచి, గాలిలో చూపుడువేలితో మెల్లగా ఒక్కొక్క సున్నా చుట్టి నాకు చూపించారు.