దూడల వాగుకు రెండో సాక్షి

2023 వేసవి. కెనడా తూర్పు అంచున కేప్ బ్రెటన్ దీవి. ఒకప్పుడు స్కాట్లండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు అక్కడి కొండలకూ వాగులకూ తమ గేలిక్ భాషలో పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లను సేకరించి చారిత్రక మ్యాపు మీదికి ఎక్కించడం మా పని. నేనుండేది అక్కడికి దూరంగా, ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో, చేసేది జీఐఎస్ ఉద్యోగం, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేయడం. కాకినాడదానికి గేలిక్ ఏం తెలుసని అడక్కండి. భాష చూసుకోవడానికి మా జట్టులో వేరే ఆవిడ ఉన్నారు. ఏ పేరు ఏ చోటిదో తేల్చడం నా వంతు.

ఆ దీవిలోనే పుట్టి పెరిగిన మోరాగ్ గారికి తొంభై దగ్గరపడుతున్నాయి. వంటింట్లో రికార్డర్ పెట్టి అడిగితే ఒక్క పేరూ చెప్పలేదు.

"కుర్చీలో కూర్చుంటే ఏం గుర్తొస్తాయమ్మాయ్? కారు తియ్యి," అన్నారు.

సముద్రం ఒడ్డు నుంచి కొండదారిలో మెల్లగా పోనిచ్చాను. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడ ఆవుల్ని తోలుకెళ్ళిన దారి అది. మలుపు మలుపుకీ ఒక పేరు చెబుతూ, ఒక సన్నటి వాగు దగ్గర ఆపమన్నారు.

"అవుల్ట్ నన్ లూగ్. దూడల వాగు. ఇక్కడికి రాగానే దూడలు మొరాయించేవి. దీన్ని మ్యాపులో వేస్తావుగా? నాతోపాటే పోకూడదమ్మా."

చిక్కంతా అక్కడే ఉంది. ఇద్దరు విడివిడిగా అదే పేరు చెబితేనే మేము లేబుల్ వేస్తాం. మ్యాపు ప్రింటుకు వెళ్ళే రోజు దగ్గరకొచ్చేసింది. ఆ కొండమీద పెరిగినవాళ్ళలో ఇంకా మిగిలింది ఆవిడ తమ్ముడు నీల్ గారొక్కరే. వయసులో ఉండగానే ఫ్యాక్టరీ పనికి ఒంటారియో వచ్చేసి, ఇప్పుడు మా బ్రాంప్టన్‌లోనే ఓ వృద్ధుల హోమ్‌లో ఉన్నారు. మతిమరుపు ముదిరి, ఫోన్లో అక్క గొంతు కూడా పోల్చుకోవడం లేదట.

బ్రాంప్టన్ తిరిగొచ్చాక ఆ హోమ్‌కు వెళ్ళి, వాళ్ళక్క చెప్పిన వరుసలోనే ఒడ్డు నుంచి ఒక్కో చోటి పేరూ అడిగాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపారు. మా పనిలో లీడింగ్ క్వశ్చన్ వెయ్యకూడదు, అంటే జవాబు మనమే నోటికందించకూడదు. దూడల వాగు పేరు నా నాలుక చివరే ఉంది. చెప్పేద్దామని ప్రాణం కొట్టుకుంటోంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను.

ఇక లేద్దామనుకుంటూ మాటవరసకు అడిగాను. "చిన్నప్పుడు ఇంట్లో మీ పనేంటండీ?"

"సాయంత్రం ఆవుల్ని ఇంటికి తోలుకురావడం. పొద్దున పని అక్కది."

నా బుర్ర అప్పటికి వెలిగింది. ఆయన దారి మొదలయ్యేది కొండమీద. నేనేమో ఒడ్డు నుంచి అడుగుతున్నాను.

"సరే, మీరు కొండమీదున్నారు. పొద్దు వాలుతోంది. ఆవుల్ని దించండి," అన్నాను.

దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి ముందుకు చూపించారు. పేర్లు ఒకదాని వెనక ఒకటి దిగివచ్చాయి. మధ్యలో ఆగి నవ్వారు.

"అవుల్ట్ నన్ లూగ్. ఇక్కడ దూడలు ఒక పట్టాన కదలవు, వెధవలవి!"

నాకు కళ్ళనీళ్ళాగలేదు. అప్పటి నుంచి నేనెవర్నీ ముందుగా పేరు అడగను. ఏ వేళప్పుడు, ఎటునుంచి ఎటు నడిచేవారో అడుగుతాను.

ఆ సాయంత్రమే మోరాగ్ గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. మ్యాపు గురించి అడుగుతారనుకున్నాను.

"అయితే వాడికింకా ఇంటిదారి గుర్తుందన్నమాట," అన్నారు.